వేట విరామంలో వలల నిల్వ: శ్రీశైలం జలాశయంలో సమస్యలు, మేలైన పద్ధతులు

చేపల వేట సామగ్రిని విరామ కాలంలో ఎలా భద్రపరచాలన్న అంశంపై లభించే సాహిత్యంలో అధిక భాగం శీతల దేశాల అనుభవం నుంచి వచ్చినది. అక్కడ చెరువులు, సరస్సులు గడ్డకట్టే చలికాలమే వేటకు సెలవు. గాలి పొడిగా ఉంటుంది, ఎండ పలుచగా ఉంటుంది, ఎలుకలు, శిలీంధ్రాలు కూడా మందగిస్తాయి. శ్రీశైలం జలాశయంలో పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. ఇక్కడ కార్తీకం నుంచి వైశాఖం వరకు, నీరు క్రమంగా తగ్గుతున్న నెలల్లోనే వేట ముమ్మరంగా సాగుతుంది. చేపల సంతానోత్పత్తి కాలమైన జూలై, ఆగస్టు నెలల్లో వేట నిలిచిపోతుంది. అంటే గాలిలో తేమ అత్యధికంగా ఉండి, ఎండ నమ్మకం లేని, కృష్ణమ్మకు వరద వచ్చే రెండు నెలల్లో వల ఇంటికి చేరుతుంది. పాఠ్యపుస్తకాలలోని సూచనలను యథాతథంగా ఇక్కడి మత్స్యకారులకు చెప్పడం వల్ల ప్రయోజనం లేకపోవడానికి కారణం ఇదే.

1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ఆనకట్ట వెనుక 1980వ దశకంలో నీరు నిలిచింది. పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆ మట్టంలో నీరు సుమారు 615 చదరపు కిలోమీటర్ల మేర పరచుకుంటుంది. తొలుత 308 టీఎంసీలుగా ఉన్న నిల్వ సామర్థ్యం పూడిక వల్ల 215 టీఎంసీలకు తగ్గింది. ఈ అంకెలు నీటిపారుదల శాఖకే పరిమితమైనవి కావు, వల ఆయుష్షుతోనూ వీటికి సంబంధం ఉంది. కరువు సంవత్సరాలలో వేసవి చివరికి నీటిమట్టం 800 అడుగుల దరిదాపులకు పడిపోతుంది. వరద మొదలైన కొద్ది వారాల్లోనే తిరిగి 885కు చేరగలదు. ఎగువన సంగమేశ్వరం వైపు నేల చదునైనది కనుక నిలువునా కొన్ని అడుగులు పెరిగినా నీటి అంచు చాలా దూరం ముందుకు సాగుతుంది. వేసవిలో నీటి అంచునే గుడిసె వేసుకున్న కుటుంబం ఆషాఢంలో ఆ చోటును విడిచిపెట్టవలసిందే. జలాశయం అడుగున దాదాపు 100 ముంపు గ్రామాల గోడలు, నరకకుండా మిగిలిన చెట్ల మోళ్లు ఉన్నాయి. వీటికి తగిలి చిరిగిన వలను బాగుచేసుకోవడానికి ఏడాదిలో దొరికే తీరిక కూడా ఈ రెండు నెలలే.

లింగాలగట్టు, పాతాళగంగ పరిసరాల్లో స్థిరపడిన మత్స్యకారులలో అనేకులు కోస్తా జిల్లాల నుంచి వలస వచ్చినవారు. సముద్రపు వేటలో ఆరితేరిన ఈ కుటుంబాలు తమ అలవాట్లను, పనిముట్ల పేర్లను వెంట తెచ్చుకున్నాయి. వీరితోపాటు కృష్ణా, తుంగభద్రల ఒడ్డున తరతరాలుగా పుట్టి మీద తిరిగిన స్థానిక బెస్తలు ఉన్నారు. నల్లమల చెంచులలో కొందరికీ చేపల వేట ఉపాధిలో భాగమే. పుట్టి, మొప్పలు చిక్కుకునే వలలు, విసురు వల, గాలపు తాళ్లు ప్రధాన సామగ్రి. వీటిలో వలలే కుటుంబానికి పెద్ద పెట్టుబడి. వల కొనడానికి చేపల వ్యాపారి ఇచ్చిన బయానా తీరే వరకు పట్టిన చేపను అతడు చెప్పిన ధరకే అతనికే అప్పగించాలన్న కట్టు అంతర్గత జలాశయాల వెంట విస్తృతంగా కనిపిస్తుంది. అందుచేత రెండు సీజన్లు నిలవవలసిన వల ఒకే సీజన్‌లో పాడైతే నష్టం వల ధరతో ఆగదు. కొత్త వలకు కొత్త బయానా తీసుకోక తప్పదు, దానితో ధర అడిగే హక్కు మరో ఏడాది వాయిదా పడుతుంది. నిల్వ పద్ధతిని ఇల్లు సర్దుకునే చిన్న విషయంగా భావించే విస్తరణ సిబ్బంది ఈ లెక్కను గమనించాలి.

నైలాన్‌కు చావు లేదన్న అపోహ

వలల సంరక్షణలో అశ్రద్ధ ప్రవేశించడానికి ఒక చారిత్రక కారణం ఉంది. నూలు వలల కాలంలో ప్రతి వేటగాడికీ వల కుళ్లిపోతుందని తెలుసు. నీటిలోని సూక్ష్మజీవులు సెల్యులోజును తినివేస్తాయి కనుక టానిన్ గల చెట్ల బెరడు కషాయంలో వలను నానబెట్టడం, వేట ముగియగానే ఆరవేయడం నిత్యకృత్యంగా ఉండేది. 1950వ దశకంలో కేరళ తీరాన ఆరంభమైన ఇండో-నార్వేజియన్ ప్రాజెక్టు వంటి ప్రయత్నాల తరువాత కృత్రిమ దారపు వలలు దేశమంతటా వ్యాపించాయి. 1957లో కొచ్చిలో ఏర్పడిన కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ ఈ దారాల బలం, మన్నిక, వలల నిర్మాణంపై దశాబ్దాలుగా పరిశోధన చేస్తోంది. నైలాన్ కుళ్లదు. ఆ ఒక్క గుణం చూసి దానికి ఏమీ కాదన్న నమ్మకం స్థిరపడింది. కషాయం పోయింది సరే, దానితోపాటు వలను శుభ్రంగా ఆరవేసి దాచే అలవాటు కూడా పోవడమే నష్టం.

నైలాన్‌కు ప్రధాన శత్రువు సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు. ఈ కిరణాలు పాలిమర్ గొలుసులను తెంచుతాయి. దారం ఎంత సన్నగా ఉంటే దాని పరిమాణంతో పోల్చినప్పుడు కాంతికి లోనయ్యే ఉపరితలం అంత ఎక్కువ. కనుక ఒంటిపోగు సన్నదారపు వలలు త్వరగా పెళుసుబారతాయి. కర్నూలు ప్రాంతపు మే నెల ఎండలో గుడిసె కప్పు మీద ఆరవేసి మరచిన వలకు జరిగే హాని కంటికి వెంటనే కనబడదు. రంగు కొంత వెలుస్తుంది, ముడి వద్ద దారం గరుకుగా తగులుతుంది, సెప్టెంబరులో మొదటి పెద్ద బొచ్చె తగిలినప్పుడు తెగిపోతుంది. పుట్టి కిందనో, చెట్టు నీడనో ఆరిన వల అదే వయసులో ఇంకా పనికి వస్తుంది. ధాన్యానికి, విత్తనానికి ఎండ మేలు చేస్తుందన్న రైతు అనుభవాన్ని వలకు వర్తింపజేయడం ఇక్కడ జరిగే అతి సాధారణమైన పొరపాటు.

తేమ విషయంలో వాస్తవం కొంత సంక్లిష్టమైనది. నైలాన్ నీటిని పీల్చుకుంటుంది, తడిసినప్పుడు దాని బలం కొంత తగ్గి ఆరగానే తిరిగి వస్తుంది. కనుక తేమ ఒక్కటే దారాన్ని నాశనం చేయదు. అయితే వలకు అంటిన చేప జిగురు, పొలుసులు, నాచు తేమలో కుళ్లుతాయి. ఆ వాసనకు చీమలు, బొద్దింకలు, వాటికన్నా ముఖ్యంగా ఎలుకలు చేరతాయి. కట్టుతాళ్లలో నూలు, కొబ్బరి పీచు ఉంటే వాటికి బూజు పట్టి తెగుతాయి. బెండ్లను పైతాడుకు కట్టిన దారం నూలుదైతే వల అంతా బాగున్నా బెండ్లు రాలిపోతాయి. ఇక రసాయనాల సంగతి. నైలాన్‌ను గాఢమైన ఆమ్లాలు, బ్లీచింగ్ పౌడరులోని క్లోరిన్ దెబ్బతీస్తాయి. పడవ దీపానికి వాడే బ్యాటరీ పక్కనే వల మూటను పెట్టడం, వాసన పోవడానికి బ్లీచింగ్ నీటితో కడగడం రెండూ తగవు.

మృగశిర నుంచి మఖ వరకు

రాయలసీమలో వ్యవసాయ పనులకు కార్తెలే పంచాంగం. వలల నిల్వకూ అదే పంచాంగం చక్కగా సరిపోతుంది. మృగశిర కార్తె ప్రవేశించిన రోజున చేప తినాలన్న ఆచారం వల్ల జూన్ 7, 8 తేదీల్లో గిరాకీ తారస్థాయికి చేరుతుంది. ఆ గిరాకీ తగ్గిన తరువాత జూన్ ఆఖరులోగా, అంటే ఆరుద్ర మొదటి రోజులలో, కడగడం, ఆరవేయడం పూర్తి కావాలి. జూలై 1న వల తీసి ఆ తరువాత తీరిగ్గా కడుగుదామనుకుంటే పునర్వసు, పుష్యమి ముసురులో అది ఆరదు. వేట చివరి రోజు వరకు అన్ని వలలూ నీటిలోనే ఉంచాలన్న ఆశ సహజమే. అయినా ఉన్న వలలను రెండు భాగాలుగా చేసి, సగం జూన్ మూడో వారంలోనే గట్టుకు చేర్చడం ఆచరణకు వీలైన మధ్యేమార్గం. ఎలాగూ ఆ రోజుల్లో నీటి విస్తీర్ణం అతి తక్కువగా ఉంటుంది, అన్ని వలలూ వేసేందుకు చోటు చాలదు.

వలను పారే నీటిలో జాడించి, చిక్కుకున్న పుల్లలు, ముళ్లు, ఎండిన చేప ముక్కలు చేతితో తీయాలి. జిగురు మొండిగా ఉంటే గోరువెచ్చని నీటిలో కొద్దిగా బట్టల సబ్బు కలిపి ముంచి, తిరిగి మంచినీటిలో రెండుసార్లు జాడిస్తే చాలు. వేడినీరు వాడరాదు, ముడులు బిగుసుకుని కన్ను కొలత మారుతుంది. తరువాత గాలి తగిలే నీడలో, రెండు గుంజల మధ్య కట్టిన వెదురు బొంగుపై వేలాడదీయాలి. ఇనుప తీగపై వేస్తే తుప్పు మరక పడుతుంది, గరుకుకు దారం కోసుకుంటుంది. పైతాడు ఆరినంత మాత్రాన వల ఆరినట్లు కాదు. బెండ్ల కింద, సీసపు గుండ్ల చుట్టూ, తాడు పురిలో తేమ చివరి వరకు ఉంటుంది. తాడును మెలిపెట్టి చూసి వేళ్లకు చల్లదనం తగలనప్పుడే మూట కట్టాలి. వేరుశనగ కాయను గలగలలాడించి తేమ అంచనా వేసే రైతుకు ఈ పరీక్ష వివరించనక్కరలేదు.

ఆరుతున్న వలను చూస్తూనే చిరుగులు గుర్తించి రంగు గుడ్డ ముక్క కట్టాలి. మరమ్మతులో స్త్రీల పాత్ర ప్రధానమైనది. అనేక కుటుంబాల్లో వల సూది, కన్ను కొలిచే బద్ద వారి చేతిలోనే ఉంటాయి. శిక్షణ కార్యక్రమాలకు మాత్రం పడవ నడిపే పురుషులనే పిలవడం కొనసాగుతోంది. ఒంటిపోగు దారానికి సాధారణ ముడి జారుతుంది కనుక రెట్టింపు ముడి వేయాలి. పాత వలకు కొత్త దారం అతికేటప్పుడు మందం అదే ఉండాలి, ఎక్కువ మందపు దారం చుట్టూ ఉన్న పాత కన్నులను కోసివేస్తుంది.

మడత విషయంలో ఒకే నియమం. పైతాడు ఒక వైపు, కిందితాడు మరో వైపు ఉండేలా మడిచి, రెండింటినీ విడివిడిగా వదులుగా కట్టాలి. బెండ్లు, గుండ్లు కలిసిపోతే సెప్టెంబరులో చిక్కు తీయడానికి పోయే రోజులు వేటలోంచే పోతాయి. ప్రతి మూటకూ కన్ను కొలత, పొడవు రాసిన చెక్క బిళ్ల కట్టడం మంచిది. మూటలకు గోనె సంచులు లేదా ఉల్లిపాయల జాలి సంచులు అనువైనవి. ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి పెడితే లోపలి తేమ బయటికి పోదు.

ఎలుక: గాదె నుంచి వలకు

పంట నిల్వ శాస్త్రం ఈ విషయంలో మత్స్యకారులకు నేరుగా అక్కరకు వచ్చే భాగం ఎలుకల నివారణ. ఎలుక నైలాన్‌ను తినదు. దాని కొరకుడు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కనుక కొరకడం దానికి అవసరం. మూటలో గూడు కట్టడానికి అనువైన చీకటి, మెత్తదనం, చేప వాసన మూడూ దొరుకుతాయి. ఒక్క రాత్రిలో మూట మధ్య నుంచి పడే రంధ్రం మడతలన్నింటిలోంచీ పోతుంది. విప్పిచూస్తే వరుసగా పదుల చోట్ల చిరిగి ఉంటుంది. అటువంటి వలను బాగుచేయడం కన్నా కొత్తది కొనడమే నయమనిపిస్తుంది.

ధాన్యపు గాదెలకు సూచించే పద్ధతే ఇక్కడా పనిచేస్తుంది. నేల నుంచి కనీసం 75 సెంటీమీటర్ల ఎత్తున మంచె, దాని కాళ్లకు బోర్లించిన గరాటు ఆకారపు రేకు, గోడకూ మంచెకూ మధ్య ఎలుక దూకలేనంత ఎడం. అంతకన్నా చౌకైనది, దూలం నుంచి సన్నని తీగపై మూటను వేలాడదీసి, తీగ మధ్యలో రేకు పళ్లెం గుచ్చడం. వేపాకు పరిస్తే కీటకాలకు కొంత అడ్డు, ఎలుకకు కాదు. జింక్ ఫాస్ఫైడ్ ఎర పొలం గట్టున వాడదగినదే గాని, పిల్లలు తిరిగే, చేపలు ఆరబెట్టే ఒంటిగది గుడిసెలో వాడరాదు. ఈ విషయాన్ని విస్తరణ సిబ్బంది స్పష్టంగా చెప్పాలి. బోను సరిపోతుంది. పక్షానికొకసారి మూటలను దించి విప్పి గాలికి పెట్టడం అన్నింటికన్నా నమ్మకమైన ఉపాయం. ఎలుక కదలని చోటునే ఎంచుకుంటుంది.

పుట్టి, ఇతర సామగ్రి

వెదురు పుట్టికి పుచ్చు పురుగు, తేమ రెండూ శత్రువులే. పుచ్చు పురుగు వెదురులోని పిండిపదార్థం కోసం వస్తుంది. అందువల్లనే కొట్టిన వెదురును నీటిలో నానవేసి వాడే ఆచారం ఉంది, నానినప్పుడు పిండిపదార్థం కొంత తొలగిపోతుంది. బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో శుద్ధి చేసిన బద్దలు మరింత మన్నుతాయి. అయితే ఈ శుద్ధి అల్లకముందు చేయవలసినది. అల్లిన పుట్టికి చేయగలిగింది అడుగు శుభ్రపరచి, ఎండిన తరువాత తారు పూతలో పగుళ్లు చూసి పూయడం, ఆపై బోర్లించి మూడు రాళ్లపై నీడలో ఉంచడం. నేలకు అంచు తగిలితే చెద పడుతుంది. ఫైబర్ పుట్టికి చెద బెడద లేదు, కాని వెల్లకిలా ఉంచితే నిలిచిన వాన నీటి బరువుకు అంచు వంగుతుంది, దోమలు కూడా పెరుగుతాయి. నల్లమల ఒడ్డులో అధిక భాగం 1983 నుంచి పులుల అభయారణ్యం పరిధిలో ఉంది. మంచెకు, గుంజలకు అడవి నుంచి కర్ర తెమ్మని సలహా ఇవ్వడం అంటే కుటుంబాన్ని కేసులోకి నెట్టడమే.

మోటారు ఉన్నవారు ట్యాంకులోని ఇంధనాన్ని ఖాళీ చేసి, ప్లగ్గు విప్పి కొద్దిగా నూనె వేసి, నిలువుగా ఉంచాలి. గాలాలను తుడిచి నూనె రాసి రబ్బరు పట్టీకి గుచ్చాలి. ప్రాణరక్షక జాకెట్లను ఎండలో పరచకూడదు, పైగుడ్డ వలలాగే పెళుసవుతుంది. సీసపు గుండ్లను కరిగించి కొత్తగా పోసుకునే పనిని వంటపొయ్యిపై ఎన్నడూ చేయరాదు. సీసపు పొగ, బూడిద పసిపిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తాయి.

ఎక్కడ దాచాలి?

ఎంత బాగా కట్టిన మూటైనా 885 అడుగుల గీతకు దిగువన ఉంటే ప్రమాదమే. 2009 అక్టోబరు మొదటి వారంలో సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి కర్నూలు నగరమే మునిగిన సందర్భంలో నీటిమట్టం ఆ గీతనూ దాటింది. వలస కుటుంబాలకు గట్టున స్థిరమైన ఇల్లు లేకపోవడం ఇక్కడి అసలు సమస్య. టార్పాలిన్ గుడిసెలో ఎత్తైన మంచెకు చోటు ఎక్కడిది? స్వగ్రామానికి తీసుకువెళ్లేందుకు వల బరువు, రవాణా ఖర్చు అడ్డం. కనుక మత్స్యకార సహకార సంఘం ఆధ్వర్యంలో, గీతకు బాగా ఎగువన, గాలి ఆడే ఉమ్మడి గది ఒకటి ఉండాలన్న ప్రతిపాదన పరిశీలించదగినది. ఊరి విత్తన బ్యాంకు ఏ సూత్రంపై నడుస్తుందో అదే సూత్రం ఇక్కడా చాలు. మూటకు చీటీ, పుస్తకంలో నమోదు, తాళం చెవి ఇద్దరి వద్ద.

ఈ గది నిషేధం అమలుకు కూడా తోడ్పడుతుందని కొందరు భావిస్తారు. ఆ వాదనను జాగ్రత్తగా చూడాలి. జలాశయంలో చేపపిల్లలను ఊడ్చివేసే అతి చిన్న కన్నుల అలివి వలల బెడద ఏళ్లుగా ఉంది. అవి వేసేవారు వాటిని సంఘం గదికి తెచ్చి అప్పగించరు. చట్టబద్ధంగా వేటాడే కుటుంబం మాత్రం తన వలను స్వాధీనం చేసుకునేందుకే ఈ ఏర్పాటు అని అనుమానిస్తే గది ఖాళీగానే మిగులుతుంది. అందువల్ల ఇది నిల్వ సౌకర్యంగానే ఆరంభం కావాలి, తాళం చెవి శాఖ చేతిలో కాక సంఘం చేతిలో ఉండాలి. ఇదే నీటికి అవతలి ఒడ్డు తెలంగాణది. రెండు ఒడ్డులలో విరామం ఒకే తేదీన మొదలై ఒకే తేదీన ముగిస్తేనే ఇవతలి వల మూట కట్టినందుకు అర్థం ఉంటుంది.

విరామ భృతి విషయమూ నిల్వతో ముడిపడినదే. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల నిషేధానికి రాష్ట్ర ప్రభుత్వం 2019లో కుటుంబానికి 10,000 రూపాయలు, 2025 నుంచి 20,000 రూపాయలు చెల్లిస్తోంది. ఆ సహాయం సముద్రపు వేటకు ఉద్దేశించినది. జలాశయాల వారికి కేంద్రం 2020లో ఆరంభించిన మత్స్య సంపద యోజనలో పొదుపుతో కూడిన జీవనోపాధి సహాయం ఉన్నా దాని పరిమాణం చాలా స్వల్పం. చేతిలో పైసా లేని రెండు నెలల్లో వల కట్టిపెట్టి ఉంచడం ఎంత కష్టమో, అప్పుకు దానినే తాకట్టు పెట్టడం అంత సులువు. 2018-19 నుంచి మత్స్యకారులకూ వర్తించిన కిసాన్ క్రెడిట్ కార్డు వల కొనుగోలుకు, మరమ్మతుకు ఉపయోగపడుతుంది. కాని తీరం వెంట తిరిగే వలస కుటుంబానికి చిరునామా రుజువే మొదటి అడ్డంకి. దానిని తొలగించడంలో గ్రామ స్థాయి సిబ్బంది చేయగలిగినది ఎంతో ఉంది.

పనికిరాని వల ఎక్కడికి?

మూట కట్టేటప్పుడే పనికిరాని వలను వేరు చేయాలి. ఎండ తగలని మడతలోని దారాన్ని, పైభాగపు దారాన్ని చెరొకటి తీసి చేతితో లాగిచూస్తే తేడా తెలుస్తుంది. పైభాగపు దారం ముడి వద్ద సులువుగా తెగితే ఆ వలకు మంచెపై చోటు ఇవ్వనక్కరలేదు. దానిని తగులబెట్టరాదు. నైలాన్ మండినప్పుడు వచ్చే పొగలో హైడ్రోజన్ సయనైడ్ కూడా ఉంటుంది. ఒడ్డున వదలివేస్తే వరదతో నీటిలోకి పోయి, వేటగాడు లేకుండానే చేపలను చంపుతూ ఉంటుంది. పోయిన వలల యజమానిని గుర్తించేలా సామగ్రికి గుర్తులు వేయాలన్న స్వచ్ఛంద మార్గదర్శకాలను ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సభ్య దేశాలు 2018లో ఆమోదించాయి. సముద్రాన్ని దృష్టిలో ఉంచుకొని వచ్చిన ఆ ఆలోచన జలాశయానికీ వర్తిస్తుంది. పైన చెప్పిన చెక్క బిళ్లనే చెరగని గుర్తుగా పైతాడుకు శాశ్వతంగా కడితే చాలు.

సేద్య శాస్త్రవేత్తలకు ఇందులో ప్రత్యక్ష సంబంధం ఉంది. నీరు తగ్గిన ఒండ్రు నేలలో తేమ ఆధారంగా సాగుచేసే రైతుల గుంటకకు, గొర్రుకు, పశువుల గిట్టలకు చుట్టుకునేది ఈ వల ముక్కలే. పాత వలను కూరపాదుల చుట్టూ కంచెగా కట్టడం మంచి పునర్వినియోగమే అయినా, సన్నని ఒంటిపోగు వలలో పాములు, పక్షులు చిక్కి చస్తాయి. అడవి అంచున మందపాటి దారపు వలలు మాత్రమే వాడాలి, అవీ నేలకు జానెడు ఎత్తున.

నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, బనవాసి, యాగంటిపల్లె కృషి విజ్ఞాన కేంద్రాలు ఈ జలాశయానికి అందుబాటులోనివే. వాటి సిబ్బందికి జూలై, ఆగస్టులు ఖరీఫ్ ఒత్తిడి నెలలు. మత్స్యకారుడు ఇంటిపట్టున దొరికే నెలలూ అవే. వ్యవసాయ విద్యార్థుల గ్రామీణ అనుభవ కార్యక్రమంలో ఒక చిన్న బృందాన్ని లింగాలగట్టుకు కేటాయిస్తే ఈ ఇబ్బంది కొంత తీరుతుంది. ఒకే రకపు వలను ఎండలో, నీడలో, మంచెపై, నేలపై ఉంచి రెండు నెలల తరువాత దారపు బలాన్ని పోల్చే సరళ ప్రయోగం ఒక స్నాతకోత్తర విద్యార్థికి సరిపడే పని, దాని ఫలితం తీరంలోని ప్రతి గుడిసెకూ అర్థమవుతుంది.

ఆగస్టు చివరి వారంలో మూటలు దించినప్పుడు వలను వెంటనే పుట్టిలో వేయకూడదు. ఒక రాత్రి నీటిలో నాననిచ్చి, మరునాడు నీడలో పరచి, ప్రతి పది అడుగులకు ఒక ముడిని లాగి చూసి, బెండ్ల కట్లు సరిచూసిన తరువాతనే నీటికి తీసుకువెళ్లాలి. ఆ రోజుల్లో నీరు నిండుగా, ఎర్రగా ఉంటుంది. వేసవిలో పైకి కనిపించిన మోళ్లు, గోడలు ఎక్కడ మునిగాయో గుర్తుంచుకున్నవారే మొదటి వల వేయడం మంచిది.